130 శాతం పేపరు: యూజీసీ అధ్యక్షులవారికి బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయ నిధుల సంఘం అధ్యక్షులవారికి,

నేనొక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బీజగణితం చెప్పి రిటైరైన మాస్టారిని. పొద్దున ఎమ్మెస్సీ పిల్లలకు సమూహాలు, వలయాలు చెప్పడం, మధ్యాహ్నం రీసెర్చ్ స్కాలర్లతో బోర్డు ముందు తగాదా పడటం, ఏళ్ల తరబడి ఇదే నా బతుకు. ఇప్పుడు ఎక్కడైనా గణిత శాఖలో పోస్టులు పడితే సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా రమ్మంటున్నారు, వెళ్తున్నాను. వెళ్లిన ప్రతిచోటా నా ముందు ఒక పట్టిక పెడతారు. మీ సంఘం 2018లో తెచ్చిన నిబంధనల్లో రెండో అనుబంధంలోని రెండో పట్టిక. పేపరుకు ఇన్ని పాయింట్లు, పుస్తకానికి ఇన్ని, గైడ్ చేసిన పీహెచ్‌డీకి ఇన్ని అని అందులో ఉంటుంది. ఈ పాయింట్ల పద్ధతికి స్వస్తి చెబుతామని 2025 జనవరిలో మీరు విడుదల చేసిన ముసాయిదా అంది. సంతోషమే. కాని అలవాటుపడిన చేతులు ఊరుకోవు. అభ్యర్థులు వందల్లో, పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నచోట ఎవరో ఒకరు బీరువాలోంచి ఆ పట్టికే మళ్లీ బయటికి తీస్తారు. అందుకే పోతుందంటున్న పట్టిక మీద కూడా ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు అందులోని ఒక చిన్న నిబంధన చూడండి. పేపరు ఇద్దరు కలిసి రాస్తే చెరొకరికి దాని విలువలో 70 శాతం. ఇద్దరికి మించి రాస్తే మొదటి రచయితకో, ప్రధాన రచయితకో, కరెస్పాండింగ్ రచయితకో 70 శాతం, మిగిలినవాళ్లకు తలా 30 శాతం. కూడికలు వచ్చినవాళ్లకు ఇక్కడే నవ్వొస్తుంది. ఒక్కరు రాసిన పేపరు 100 శాతం, ఇద్దరు రాస్తే 140, ముగ్గురు రాస్తే 130, పదిమంది పేర్లు ఎక్కిస్తే 340. ముగ్గురు దాటాక పేరు కలిపినకొద్దీ పేపరు ఉబ్బుతుంది. దాన్ని పక్కన పెడదాం. అసలు చిక్కు ఆ ‘మొదటి రచయిత’ దగ్గర ఉంది.

ప్రయోగాలు చేసే సైన్సుల్లో మొదటి పేరుకు ఒక అర్థం ఉంది. పనంతా చేసిన విద్యార్థి ముందుంటాడు, ల్యాబు నడిపే ప్రొఫెసర్ చివరన ఉంటారు. గణితంలో ఆ సంప్రదాయం లేదు. ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఎక్కడ పడితే అక్కడే మనిషి స్థానం. కలిసి చేసిన పనిలో ఎవరి పాలు ఎంతో విడదీయలేమనీ, అందుకే పేర్లు అక్షరక్రమంలో వేసుకుంటామనీ అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 2004లోనే ఒక ప్రకటనగా రాసి పెట్టింది. ఎవరైనా డీన్ అడిగితే చూపించుకోవడానికి పనికొస్తుందనే రాసింది.

ఇప్పుడు మన దేశంలోనే జరిగిన పని ఒకటి తీసుకుందాం. 1970ల్లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో సి.ఎస్. శేషాద్రి ‘స్టాండర్డ్ మోనోమియల్ థియరీ’ అని ఒక సిద్ధాంతానికి పునాది వేశారు. గ్రాస్‌మనియన్ అనే జ్యామితీయ నిర్మాణాల మీద హాడ్జ్ 1943లో చేసిన గణనను ఎంతో విస్తారమైన రంగానికి తీసుకెళ్లడం దాని లక్ష్యం. శేషాద్రి దగ్గరే డాక్టరేట్లు చేసిన వి. లక్ష్మీబాయి, చిటికిల ముసిలి ఆయనతో కలిసి దాన్ని ముందుకు నడిపారు. ‘జామెట్రీ ఆఫ్ జీ బై పీ’ పేరుతో వరసగా పేపర్లు వచ్చాయి. 1979లో ముగ్గురూ కలిసి రాసినవాటి మీద పేర్లు లక్ష్మీబాయి, ముసిలి, శేషాద్రి అన్న వరసలో ఉంటాయి. ఎల్, ఎమ్, ఎస్. అంతకుమించి ఆ వరసకు ఏ అర్థమూ లేదు. మీ పట్టిక చేతికిస్తే గుమాస్తా ఏం చేస్తాడు? లక్ష్మీబాయి గారికి 70 వేస్తాడు. ముసిలి గారికి 30. సిద్ధాంతానికి పునాది వేసి, మిగతా ఇద్దరికీ గురువైన శేషాద్రి గారికీ 30. గురువుకు ఎక్కువ రావాలని నేననడం లేదు. పంచే పద్ధతికీ పని జరిగిన తీరుకూ సంబంధమే లేదంటున్నాను.

మనవాళ్ల సంగతి మరీ అన్యాయం. రావులు, రెడ్లు, శర్మలు, శాస్త్రులు, స్వాములు, వర్మలు, అందరూ ఇంగ్లీషు అక్షరాల వెనక సగంలోనే పుట్టారు. నాయుడు గారు కాస్త నడిమిన ఉన్నారు. చౌదరి గారూ ఆచార్యులు గారూ మాత్రం గట్టెక్కారు. విదేశీ సహచరులతో కలిసి రాసిన తెలుగు అల్జీబ్రిస్టు జీవితమంతా మూడో పేరుగానే ఉండిపోతాడు, మీ పట్టికలో 30 శాతం మనిషిగా రిటైరవుతాడు. కరెస్పాండింగ్ రచయిత అన్న దారి ఉంది కదా అంటారేమో. గణితంలో కరెస్పాండింగ్ రచయిత అంటే పత్రికకు ఈమెయిల్ పంపిన మనిషి. నలుగురిలో ఎవరికి ఆ వారం తీరికుంటే వాళ్లు పంపుతారు. ఈ నిబంధన వచ్చాక మాత్రం ఆ ఈమెయిల్ ఎవరు పంపాలన్నదాని మీద స్నేహితుల మధ్య మొహమాటాలు మొదలయ్యాయి.

అసలు బీజగణితంలో పరిశోధన అంటే ఏం చేస్తారో కొంచెం దగ్గరగా చూపిస్తాను. మాకు ల్యాబు ఉండదు, పరికరాలు ఉండవు కాబట్టి మా పని బయటివాళ్లకు కనపడదు. బీఎస్సీ చదివినవాళ్లకు మాత్రికలు తెలుసు. రెండు మాత్రికలను ఏది ముందు పెట్టి గుణించినా ఒకే జవాబు వస్తుందనుకోండి. అలాంటి జంటను తీసుకుని, వాటి ఘాతాలు, లబ్ధాలు, కూడికలు అన్నీ కలిపి పుట్టించగలిగినంత పుట్టించండి. అలా పుట్టేదాని పరిమాణం ఎంత ఉండొచ్చు? మాత్రికలు 4×4 అయితే 4 దాటదు, 100×100 అయితే 100 దాటదు. గెర్‌స్టెన్‌హేబర్ 1961లో దీన్ని రుజువు చేశాడు. ఇక రెండు బదులు నాలుగు మాత్రికలు ఇస్తే ఈ మాట నిలవదు. ఎమ్మెస్సీ క్లాసులో పిల్లలచేతే చేయించొచ్చు: 4×4 మాత్రికలో కుడివైపు పై మూలన నాలుగు గడులు తీసుకోండి. ఒక్కో గడిలో 1 పెట్టి, మిగతావన్నీ సున్నాలుంచి నాలుగు మాత్రికలు చేయండి. ఏ రెండింటిని గుణించినా సున్నాయే. కనక ఏది ముందు పెట్టినా తేడా లేదు. వీటికి తత్సమ మాత్రిక కూడా చేరితే మొత్తం ఐదు. నాలుగు దాటింది.

మరి మూడు మాత్రికలైతే? ఎవరికీ తెలియదు. రెండింటి సంగతి తేలి అరవై ఏళ్లు దాటింది, నాలుగింటి సంగతి క్లాసులో అయిదు నిమిషాల పని, మధ్యనున్న మూడు మాత్రం ఎంత పెనుగులాడినా లొంగడం లేదు. చిన్న మాత్రికలకు నిజమేనని చూపించారు. అన్నిటికీ నిజమా అంటే జవాబు లేదు.

నా దగ్గర చేరిన ఒక అమ్మాయి ఈ మూడింటి ప్రశ్న పట్టుకుంది. వద్దని చెప్పి చూశాను, వినలేదు. మాత్రికల మీద ఒక అదనపు షరతు పెట్టుకుని మొదలుపెట్టింది. శుక్రవారం మధ్యాహ్నాలు బోర్డు నిండా సున్నాలూ చుక్కలూ గీసేది. ఒక ఉపసిద్ధాంతం 5×5 దాకా చక్కగా నిలబడింది, పొంగిపోయాం. 6×6 దగ్గర ఆమే ఒక ఉదాహరణ కట్టి దాన్ని కూల్చింది. కూల్చిన రోజున క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడుకున్నది నాకు గుర్తుంది: ఆ ఉదాహరణ ఎందుకు పుట్టిందో అర్థమైతే షరతు ఎక్కడ బిగించాలో తెలుస్తుందని ఆమె వాదన. ఆ వాదనే చివరికి నిలిచింది. ప్రత్యేక సందర్భం ఒకటి తేలి, పేపరై, పత్రికకు వెళ్లి, రెఫరీ దగ్గర ఏడాదికి పైగా కూర్చుంది. ఆ ఏడాదంతా ఆమె పాయింట్లు సున్నా. 6×6 ఉదాహరణకు ఎప్పటికీ సున్నాయే. నన్నడిగితే థీసిస్ మొత్తంలో బుర్ర ఎక్కువ పెట్టిన పేజీ అదే.

పేపరు వచ్చాక పాయింట్లు వస్తాయి కదా అంటే, అక్కడ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కాచుకుని ఉంటుంది. సైన్సు పేపరుకు 8 పాయింట్లని చెప్పి, ఆ స్కోరును పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను బట్టి పెంచారు: ఆ అంకె లేని పత్రికకు 5, 1 లోపు ఉంటే 10, 1 నుంచి 2 దాకా 15, అలా పోయి 10 దాటితే 30. బీజగణితంలో పేరున్న ‘జర్నల్ ఆఫ్ అల్జీబ్రా’ ఈ లెక్కలో సాధారణంగా 1 లోపు గదిలోనే ఉంటుంది. ప్రపంచంలో గణితవేత్తలంతా కలలు కనే ‘అనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’ కూడా 10 దరిదాపులకు రాదు. అంటే మీ పట్టికలోని పై మెట్టు మా బీజగణితానికి లేనేలేదు. ఈ అంకె ఎలా వస్తుందో మీకు తెలియనిది కాదు. గత రెండేళ్లలో పత్రికలో వచ్చిన ఒక్కో పేపరును ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉటంకించారన్నదే లెక్క. అంతర్జాతీయ గణిత సమాఖ్య మరో రెండు సంస్థలతో కలిసి 2008లో ‘సైటేషన్ స్టాటిస్టిక్స్’ అనే నివేదిక వేసింది. గణితంలో ఉటంకింపుల్లో సుమారు 90 శాతం ఆ రెండేళ్ల కిటికీ బయటే పడతాయని అందులో ఉంది. మా బంగారాన్ని కట్టెల అడితి కాటాలో తూస్తున్నారు, ముల్లు కదలడం లేదంటున్నారు.

ఆ రెండేళ్ల కిటికీలో పట్టని పని ఎలాంటిదో చూడండి. లక్ష్మీబాయి, శేషాద్రి తమ వరస పేపర్లలో అయిదోదాన్ని 1986లో వేశారు. వాళ్లిద్దరూ ఊహించిన దానికి పూర్తి రుజువు 1990ల్లో జర్మన్ గణితవేత్త పీటర్ లిటెల్‌మన్ చేతిలో వచ్చింది. ఇప్పుడు ‘లక్ష్మీబాయి–శేషాద్రి పాత్’ అంటే ఆ రంగంలో పాఠ్యపుస్తకాల మాట. దయానంద్ వర్మ అని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేవారు. 1966లో యేల్‌లో రాసిన థీసిస్, 1968లో దాని మీద అచ్చయిన చిన్న పేపరు. ‘వర్మా మాడ్యూల్’ అన్న పేరు లేకుండా లీ బీజగణితాల మీద ఇవాళ ఏ కోర్సూ నడవదు. ఆయన జీవితంలో ప్రచురించినవి బహు తక్కువ. మీ పట్టిక ముందు ఆయన్ను నిలబెడితే షార్ట్‌లిస్టు దాటేవారో లేదో నాకు నమ్మకం లేదు.

మరి ఈ పట్టిక ముందు బాగా దాటేదెవరు? చెప్పడానికి మొహమాటంగా ఉంది గాని చెప్పాలి, ఎందుకంటే ఆ సరుకు ఎక్కువగా తయారవుతున్నది మా బీజగణితంలోనే. పద్ధతి తేలిక. ఎప్పటిదో ఒక సిద్ధాంతం తీసుకో. వలయానికి ముందు గామా తగిలించు. ఐడియల్‌కు ముందు ఫజ్జీ తగిలించు. అది అయిపోతే ఇంట్యూషనిస్టిక్ ఫజ్జీ, తరవాత న్యూట్రోసోఫిక్. పాత రుజువులో ఒక్కో వాక్యానికి ఒక్కో అక్షరం చేరుతుంది, కొత్త పేపరు అవుతుంది. ఏడాదికి పదైనా వస్తాయి. నొబుసావా 1964లో గామా వలయాలను తెచ్చినప్పుడు అందులో ఒక ఆలోచన ఉంది. జాదే 1965లో ఫజ్జీ సమితులు తెచ్చినప్పుడు ఇంకా పెద్ద ఆలోచన ఉంది. ఇప్పటికీ వాటి మీద బుద్ధిపెట్టి పనిచేసేవాళ్లున్నారు, వాళ్లను అనడం లేదు. తగిలింపు పేపర్లు రాస్తున్న కుర్రాళ్లనైనా ఎంతని తిట్టను? థీసిస్ ఇచ్చేలోపు ఒక పేపరైనా అచ్చవ్వాలని మీరు పెట్టిన నిబంధన 2022 దాకా నడిచింది. వారానికి 16 గంటల పాఠాలు చెబుతూ, పేపర్ల లెక్క చూపించాల్సిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మూడు మాత్రికల ప్రశ్న ముట్టుకుంటాడా, ఫజ్జీ తగిలిస్తాడా? డబ్బు కడితే వారంలో వేసే పత్రికలు సరిగ్గా ఈ గిరాకీ మీదే బతికాయి. వాటిని ఆపుదామని మీరు యూజీసీ–కేర్ జాబితా తెచ్చారు, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసి మంచిచెడ్డలు విశ్వవిద్యాలయాలే చూసుకోమన్నారు.

ఎంపిక గది ఎలా ఉంటుందో మీకు తెలియాలి. ఒక విశ్వవిద్యాలయంలో, పేరు అక్కర్లేదు, పొడుగాటి బల్ల, దాని చుట్టూ మేం ఏడుగురం, జీడిపప్పు ప్లేట్లు. అభ్యర్థికి పది నిమిషాలు. నా ముందున్న ఫైల్లో ప్రతి పేపరు పక్కనా ఎరుపు పెన్సిల్‌తో గుమాస్తా పెట్టిన టిక్కు, దాని కింద పాయింట్లు, కింద మొత్తం. అరవై పైచిలుకు పేపర్లున్న ఒకాయన వచ్చారు. మీకు బాగా నచ్చిన మీ సిద్ధాంతం ఒక్కటి బోర్డు మీద రాసి చూపించండి అన్నాను. ఆయన చుట్టూ చూశారు, నేనూ చూశాను. గణిత శాఖ ఇంటర్వ్యూ జరుగుతున్న ఆ గదిలో బోర్డు లేదు. నోటితోనే చెప్పమన్నాను. రెండు వాక్యాలు చెప్పి, వివరాలు పేపర్లో ఉన్నాయి సార్ అన్నారు. తరవాత వచ్చిన ఆయనవి మూడే పేపర్లు. ఒకటి ఆయన ఒక్కరే రాసిన నలభై పేజీలది. దాన్ని చదివినవాళ్లు ఆ బల్ల చుట్టూ ఎవరూ లేరు, నాకూ ఆ పొద్దునే చేతికిచ్చారు. చదవడానికి పది నిమిషాలు కాదు, పది రోజులు కావాలి. ఉద్యోగం ఎవరికి వచ్చిందో రాయనక్కర్లేదు.

చదివేవాళ్లు ఎక్కడ దొరుకుతారు అని మీ కార్యాలయం అడగొచ్చు. వెతకనక్కర్లేదు, ముందే చదివి పెట్టారు. గణితంలో అచ్చయ్యే పేపర్లను చదివి, సంతకంతో సమీక్షలు రాసే పని జర్మనీ నుంచి 1931లో, అమెరికా నుంచి 1940లో మొదలైంది. జర్మన్లది ఇప్పుడు జడ్‌బీమ్యాథ్ ఓపెన్ పేరుతో 2021 నుంచి ఉచితం. ఒక్క రూపాయి అక్కర్లేదు. అభ్యర్థి పేరు కొడితే పేపరులో కొత్త సంగతి ఉందా, పాతదానికే రంగు వేశారా అన్నది చాలావరకు తేలిపోతుంది. కొన్ని సమీక్షలు వట్టి సారాంశాలే, ఒప్పుకుంటాను. అయినా గుమాస్తా టిక్కు కన్నా నయం.

మీ ముసాయిదాలో పాయింట్ల బదులు తొమ్మిది రకాల ‘చెప్పుకోదగ్గ కృషి’ అని ఒక వరస ఇచ్చారు, అందులో నాలుగైనా ఉండాలన్నారు. ల్యాబులు నెలకొల్పడం, కన్సల్టెన్సీ, స్టార్టప్‌లు మా బీజగణితానికి అందేవి కావు. భారతీయ భాషల్లో బోధన అన్నది మాత్రం మనసుకు తగిలింది. తెలుగు అకాడమీ పుస్తకాలతో సమితి, ప్రమేయం, సదిశాంతరాళం అంటూ డిగ్రీ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లలకు ఎమ్మెస్సీలో ఒక్కసారిగా ఇంగ్లీషు మీద పడుతుంది. క్లాసు ఇంగ్లీషులో చెప్పి, వరండాలో తెలుగులో మళ్లీ చెప్పే మాస్టార్లు ప్రతి శాఖలోనూ ఒకరైనా ఉంటారు. ఆ వరండా పాఠానికి సర్టిఫికెట్ ఎవరిస్తారు? ముసిలి గారు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉండగా వలయాలు, మాడ్యూళ్ల మీద రాసిన పాఠ్యపుస్తకం దేశంలో ఎన్నో ఊళ్లలో పిల్లల చేతుల్లో నలిగింది. స్వదేశీ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి మీ 2018 పట్టికలో 10 పాయింట్లు. 1993 నుంచి ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిబిరాల్లో నెలకు నెల పిల్లలతో కూర్చుని లెక్కలు చెప్పినవాళ్లకు అవీ లేవు.

ఇలా లెక్కలోకి రానివాటిలో శాఖ అనేది కూడా ఒకటి ఉంటుంది. విశాఖ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎన్.వి. సుబ్రహ్మణ్యం 1960ల్లో బూలియన్ సదిశాంతరాళాల మీద చేసిన పని జర్మన్ పత్రికల్లో వచ్చింది. అదే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యు.ఎమ్. స్వామి, జి.సి. రావు 1981లో ‘ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిసెస్’ అనే పేపరు రాశారు. ఎస్ తరవాత ఆర్, చూశారా, అక్షరక్రమాన్ని మనవాళ్లు అన్నిసార్లూ పాటించరు. జాలకంలో స్థిత్యంతర ధర్మాన్ని వదిలేసినా మిగతా ఇల్లు ఎంతవరకు నిలుస్తుందన్నది అందులో విషయం. ఆ జాలకాల మీద పనిచేయడానికి ఇథియోపియా నుంచి కూడా వచ్చి విశాఖలో డాక్టరేట్లు చేసుకుని వెళ్లారు. ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ నడిచిన పని అది. ఏ ఒక్కరి దరఖాస్తులోనూ అది ఒక గడిగా పట్టదు.

పెద్ద సంస్కరణలు అడగడం లేదు. తుది నిబంధనల్లో గణిత శాస్త్రానికి అయిదు వాక్యాలు చేరిస్తే చాలు. మీ న్యాయ విభాగానికి శ్రమ లేకుండా నేనే రాసిస్తున్నాను:

గణితంలో రచయితల పేర్ల వరసనుగాని, కరెస్పాండింగ్ రచయిత ఎవరన్నదిగాని పరిగణించరాదు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను పరిగణించరాదు. అభ్యర్థి తానే ఎంచుకున్న మూడు పేపర్లను, వాటి మీది సమీక్షలతో సహా, ఇంటర్వ్యూకు కనీసం నెల ముందు విషయ నిపుణులకు పంపాలి. వాటిని చదివి రాసిన అభిప్రాయాన్ని ఫైల్లో చేర్చాలి. అభ్యర్థి తన సిద్ధాంతాన్ని కమిటీ ముందు బోర్డు మీద వివరించడానికి 40 నిమిషాలు ఇవ్వాలి.

ఇట్లు,
బీజగణితం చెప్పి రిటైరైన ఒక మాస్టారు